అడగరాని కోరిక

వసుమతికి ప్రతిదీ కొలిచి చూసుకోవడం అలవాటు. బియ్యంలో నీళ్ళు కూడా కంటి అంచనాతో పొయ్యదని పెళ్ళయిన కొత్తలో దివాకర్ నవ్వేవాడు. సియాటెల్ పక్కన బాతెల్‌లోని బయోటెక్ కంపెనీలో ఆమె చేసే పనీ అలాంటిదే. ఏ ఊళ్ళోనో ఏ ఆసుపత్రిలోనో ఉన్న రోగి రక్తం నుంచి తీసిన కణాలు సంచీల్లో వస్తాయి. వాటిని పెంచి, పరీక్షించి, మళ్ళీ ఆ మనిషికే పంపాలి. సంచీ మీద పేరుండదు, నంబరు మాత్రమే ఉంటుంది. తొమ్మిదేళ్ళలో ఆమె సంతకం పెట్టిన కాగితంలో ఒక్క తప్పూ దొరకలేదు.

అలాంటి మనిషి, కన్నకూతురి దగ్గుని మూడు వారాల పాటు జలుబనుకుంది.

తన్వికి అప్పటికి నాలుగేళ్ళు నిండి రెండు నెలలు. ఫిబ్రవరిలో ప్రీస్కూల్లో పిల్లలందరూ దగ్గుతున్నారు, తనూ దగ్గింది. అన్నం సగంలో వదిలేసేది. మెట్లెక్కుతూ మధ్యలో కూలబడి, "అమ్మా, నా లెగ్స్ టైర్డ్ అయ్యాయి," అనేది. వసుమతి పూటపూటా జ్వరం చూసి ఫోన్లో రాసుకుంది. జ్వరం లేదు కాబట్టి భయం లేదనుకుంది. ఒక ఆదివారం పొద్దున పిల్ల పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఎమర్జెన్సీలో ఉన్న కుర్ర డాక్టరు అప్పటిదాకా తన్విని నవ్విస్తూ ఉన్నవాడు, పొట్ట మీద చెయ్యి పెట్టి, కాలేయం పక్కటెముకల కింద ఎన్ని వేళ్ళు దిగిందో చూసి, నవ్వించడం మానేశాడు.

వైరస్ ఏదో గుండె కండరాన్ని తినేసింది. మందులతో తేరుకుంటుందేమోనని సియాటెల్ ఆసుపత్రిలో పదకొండు రోజులు చూశారు. పన్నెండో రోజు ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చెప్పారు. ఈ గుండె ఇక పని చెయ్యదు, వేరే గుండె కావాలి. దొరికేదాకా పంపు పెడతాం.

ఆ పంపు పిల్ల ఒంటి బయటే ఉంటుంది. పొట్టలోంచి రెండు గొట్టాలు బయటికి వచ్చి, నిమ్మకాయంత గాజు బుడ్డిలాంటి దాంట్లో కలుస్తాయి. అందులో రక్తం టకటకా తిరగడం కళ్ళకి కనబడుతుంది. దాన్ని నడిపే యంత్రం చక్రాల బండి మీద మంచం పక్కనే ఉంటుంది. నర్సులు పూటపూటా టార్చి వేసి అందులో గడ్డలేమైనా కట్టాయేమో చూసేవాళ్ళు. వారం తిరక్కుండా వసుమతి కూడా చూడ్డం నేర్చుకుంది. నర్సు చూసి వెళ్ళిన తర్వాత తను ఇంకోసారి చూసేది.

"అమ్మా, నా పంప్ నిద్ర పోదా?" అనడిగింది తన్వి.

"పోదమ్మా. అది మంచి పంప్."

"టైర్డ్ అవ్వదా?"

"అవ్వదు. నువ్వు పడుకో."

అప్పటిదాకా దేవుడితో వసుమతికున్నది పండగ పరిచయమే. శుక్రవారం దీపం, వినాయకచవితికి పత్రి, పరీక్షలప్పుడూ వీసా స్టాంపింగప్పుడూ ఒక దణ్ణం. ఇప్పుడు ఆమె మొక్కులు మొదలుపెట్టింది. తిరుమలలో తలనీలాలు ఇస్తానంది. అన్నవరంలో వ్రతం చేయిస్తానంది. శనివారాలు ఒంటిపూట ఉంటానంది. ఏ దేవుడికి ఏ మొక్కు మొక్కిందో మర్చిపోకుండా, జ్వరం రాసుకున్న చోటే కిందికి రాసుకుంటూ వచ్చింది. ఏప్రిల్ నెలాఖరుకి ఆ జాబితా రెండు తెరల పొడుగయింది.

ఆమె సెలవు పెట్టి ఆసుపత్రిలోనే ఉండేది. దివాకర్ ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కాబట్టి కిటికీ పక్క సోఫాలోంచే పనిచేసేవాడు. అతనిది హన్మకొండ, ఆమెది తెనాలి. కూతురి విషయంలో అతను భయం దాచుకోవడంలో ఆరితేరినవాడు. ఒకరోజు మధ్యాహ్నం మీటింగ్ అయ్యాక లాప్‌టాప్ మూసి, తన్వి మంచం మీద చోటు చేసుకుని కూర్చున్నాడు.

"బుజ్జీ, నీకు కొత్త హార్ట్ వస్తది తెలుసా? అప్పుడు మనం పార్క్‌కి పోదాం."

"ఎక్కడ్నించి వస్తుంది?"

"ఇంకో పాప ఇస్తది."

"షేర్ చేస్తుందా?"

"ఆఁ, షేర్ చేస్తది."

తన్వి బొమ్మ కుందేలు చెవి నములుతూ కాసేపు ఆలోచించింది. "బట్, తనకి వద్దా?"

దివాకర్ కుందేలు చెవిని పిల్ల నోట్లోంచి మెల్లగా లాగాడు.

"తను ఎలా ఆడుకుంటుంది మరి?"

దివాకర్ కిటికీలోంచి పార్కింగ్ వైపు చూశాడు. వసుమతి బాత్రూంలోకి వెళ్ళి, తలుపేసుకుని, కుళాయి తిప్పింది.

తెలియక కాదు. మొదటి రోజే తెలుసు. తన్విది బీ పాజిటివ్. పదిహేను నుంచి పాతిక కిలోల మధ్య బరువున్న పిల్లదో పిల్లాడిదో కావాలి. విమానంలో నాలుగైదు గంటల్లో వచ్చేంత దూరంలో ఉండాలి. ఆ లెక్కలన్నీ ఆమె చదువుకుంది. అయితే ఆ కొలతలు ఒక బిడ్డ కొలతలని ఇప్పుడు తట్టింది. అన్ని కొలతలూ సరిపోయే ఆ బిడ్డ ఈ క్షణాన ఏ ఇంట్లోనో సాక్సు వేసుకోనని మారాం చేస్తూ ఉంటుంది. రెండు తెరల పొడుగు మొక్కులూ ఆ బిడ్డ మీదికే గురి పెట్టినవి. త్వరగా దొరకాలి స్వామీ అంటే, త్వరగా ఎవరో చావాలి అనేకదా. ఆ మాట ఆమె పైకి ఎప్పుడూ అనలేదు. దేవుడికి మాత్రం అర్థమయ్యే ఉంటుంది.

కుళాయి కట్టేసి బయటికి వచ్చేసరికి తన్వి నిద్రపోయింది.

మే నెలలో అనురాధ ఫోన్ చేసింది. బాతెల్‌లో వీళ్ళ వీధి చివర ఇల్లు ఆమెది. మూడు నెలలుగా వంతులు వేసి మరీ ఎవరో ఒకరితో కారియర్ పంపిస్తున్న మనిషి. ఆమె చెబితే వినడమే గానీ ఎదురు చెప్పడం ఎవరికీ అలవాటు లేదు.

"వసూ, షీట్ పంపించాను చూశావా? విష్ణు సహస్రనామం. శుక్రవారం పొద్దున్నించి సోమవారం సాయంత్రం దాకా నాన్‌స్టాప్. ఎనభై ఆరు ఫ్యామిలీలు సైన్ అప్ చేశాయి. టెక్సస్‌లో కాపెల్ నుంచి మా తోడికోడలు వాళ్ళు కూడా స్లాట్ తీసుకున్నారు."

"చూస్తానండీ."

"లాంగ్ వీకెండ్ కలిసొచ్చింది. అందరికీ సెలవు. పైగా మా ఆయన అంటున్నారు, ఇలాంటప్పుడే అందరూ రోడ్ల మీద ఉంటారు, కాబట్టి మనకి ఛాన్సు..." అని అనురాధ ఆగిపోయింది.

వసుమతి ఫోన్ స్పీకర్లో పెట్టి షీట్ తెరిచింది. పై గడిలో పసుపు రంగు మీద రాసి ఉంది: 'సంకల్పం: ఈ లాంగ్ వీకెండ్‌లో చిరంజీవి తన్వికి హార్ట్ దొరకాలి.' కింద పేర్లు, టైములు. ఎవరో తమ స్లాటు పక్కన దణ్ణం బొమ్మ కూడా పెట్టారు.

"అక్కా, ఆ లైను తీసేస్తారా?"

"ఏ లైను?"

"పైన రాసింది."

"అదేంటే? సంకల్పం లేకుండా పారాయణ ఏమిటి? ఏం కావాలో చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది?"

"మీరు రాసింది చదివితే తెలుస్తోందక్కా. ఈ వీకెండ్ ఒక పిల్ల చచ్చిపోవాలని ఎనభై ఆరు ఇళ్ళవాళ్ళు కోరుకుంటున్నారు."

అనురాధ గొంతు సన్నబడింది. "నేనలా అనుకుంటానా వసూ?"

"మీరనుకోలేదు. నేనే అనుకుంటున్నాను. నిన్న ఇంటికి బట్టలకి వచ్చినప్పుడు 405 హైవే మీద యాక్సిడెంటయింది. లేన్లన్నీ ఆపేశారు. మినీవాన్. అందులో పిల్లల కార్ సీట్ ఉందా లేదా అని తొంగి చూశాను. ఉండకూడదని చూశానో, ఉండాలని చూశానో నాకు తెలీదు."

అనురాధ ఏడ్చింది. ఆ సాయంత్రానికి పై గడిలో 'తన్వి క్షేమం కోసం' అని మారింది. వసుమతి మాత్రం ఆ రోజు నుంచి ప్రార్థన చెయ్యలేకపోయింది. కళ్ళు మూసుకుంటే మినీవాన్ కనబడేది. ఫోన్లోని మొక్కుల జాబితా తెరవడం మానేసింది. బరువుకి బరువు అలాగే ఉంది, చెప్పుకునే చోటు మాత్రం పోయింది.

జూన్ మొదటి వారంలో దివాకర్ బలవంతం మీద ఇంటికి వచ్చి స్నానం చేసి, తిరిగి వెళ్తూ కారుని గుడి వైపు తిప్పింది. మంగళవారం పొద్దున, గుళ్ళో ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ లేరు. నలభై ఏళ్ళుంటాయేమో పూజారిగారికి, గోదావరి జిల్లా యాస. అర్చన టికెట్ అందుకుని గోత్రం అడిగారు.

"భారద్వాజ. నక్షత్రం ఉత్తరాషాఢ. పేరు తన్వి."

"ఆరోగ్యం కోసమా తల్లీ?"

వసుమతి తలూపింది. తర్వాత, "ఇంకొకరి పేరు మీద కూడా చెయ్యాలి," అంది.

"చెప్పండమ్మా. గోత్రం?"

"తెలీదు."

"పోనీ పేరు?"

"అదీ తెలీదు. మన మతం అవునో కాదో కూడా తెలీదు." ఆమె గర్భగుడి వైపు చూసింది. "ఇంకా ఆ బిడ్డకేం కాలేదండీ. కాకూడదు. అయితే తప్ప నా పిల్ల బతకదు. గుండె మార్చాలి. నేను దేవుణ్ణి ఏమని అడగాలో నాకు తెలియడం లేదు."

పూజారిగారు చేతిలో పళ్ళెం కింద పెట్టారు. ఉత్తరీయం అంచు సవరించుకుని, "మా పెద్దాడికి అయిదేళ్ళమ్మా," అన్నారు. ఆ తర్వాత, "గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్తాం. కశ్యపుడు అందరికీ తండ్రి కిందే లెక్క. పేరు తెలియదంటే శిశువు అంటాను. సరేనా?"

"మరి ఏం కోరుకోను?"

"నిజం చెప్పమంటే నాకూ తెలియదమ్మా. ఇలాంటిదానికి ఏం చెప్పాలో మా గురువుగారు నేర్పలేదు. కానీ ఒకటి. తల మీద మూట దించమని అడిగేటప్పుడు అందులో ఏముందో విప్పి చూపిస్తామా? కాస్త చెయ్యేసి దించండి బాబూ అంటాం. అంతే. ఇద్దరు బిడ్డల్నీ ఆయన ముందు పెట్టి ఊరుకోండి."

పూజారిగారు మొదట తన్వి పేరు చదివారు. తర్వాత కాశ్యప గోత్రోద్భవస్య అని మొదలుపెట్టి, శిశోః అన్నచోట గొంతు తగ్గించారు. వసుమతి తివాచీ మీద కూర్చుండిపోయింది. బరువు తగ్గిందా అంటే, ఆమె చదివిన ఫిజిక్సులో బరువు చెయ్యి మారుతుందే గానీ తగ్గదు. అయితే దాని కింద ఇంకెవరిదో భుజం వచ్చి చేరినట్టనిపించింది. ఎంతసేపు కూర్చుందో టైము చూసుకోలేదు. నాలుగు నెలల్లో ఆమె టైము చూసుకోనిది అదొక్కసారే.

అప్పట్నించి రోజూ పొద్దున ఆసుపత్రి కిటికీ దగ్గర నిలబడి రెండు పేర్లూ అనుకునేది. ఒకటి తన్వి, రెండోది కాశ్యప గోత్రం శిశువు. ఇద్దర్నీ చూసుకో స్వామీ అనేది. మొక్కుల జాబితా చెరిపేసింది.

దివాకర్‌కి అది నచ్చలేదు. "ఇదేం పూజ వసూ? మన బిడ్డకి అడుగు ముందు."

"నేను అడగలేను దివా. నువ్వడుగు."

"అడుగుతున్న. సిగ్గిడిచి అడుగుతున్న. ఎవరి బిడ్డయినా సరే, నాకు మాత్రం నా బిడ్డ గావాలె అని అడుగుతున్న. పాపమైతే నేనే నరకానికి పోత. పోతే పోత."

అంటూనే తల పట్టుకుని సోఫాలో కూలబడ్డాడు. వసుమతి అతని పక్కన కూర్చుని, పెరిగిపోయిన జుట్టులో వేళ్ళు పెట్టింది. ఎవరి ప్రార్థన మంచిదో తేల్చడానికి ఆమె దగ్గర కొలమానం లేదు. అతనిదీ అబద్ధం కాదు.

జూన్ నెల మూడో వారంలో, ఒక బుధవారం పొద్దున, తన్వి మంచం మీద కూర్చుని రంగులు వేస్తోంది. ఊదా రంగు క్రేయాన్ చేతిలోంచి జారింది. వసుమతి తీసి ఇచ్చింది. మళ్ళీ జారింది. "అమ్మా, నా హ్యాండ్ సిల్లీగా ఉంది," అంటూ నవ్వింది తన్వి. ఆ నవ్వు ఒక పక్కకే వచ్చింది.

పంపులో గడ్డలు కట్టకుండా రక్తం పల్చబరిచే మందులిస్తారు. ఆ మందుల వల్ల మెదడులో రక్తస్రావం కావచ్చు. ఇలా కావచ్చునని మొదటి రోజే కాగితం మీద చదివి సంతకం పెట్టారు. ఎవరి తప్పూ లేదు. వసుమతి ఆ పూట కూడా టార్చి వేసి చూసింది, బుడ్డి శుభ్రంగా ఉంది. మెదడులోకి ఏ టార్చి వేసి చూస్తుంది?

ఆ మధ్యాహ్నానికి పాప స్పృహ తప్పింది, మూడు రోజులు గడిచినా కళ్ళు తెరవలేదు. శనివారం ఒక డాక్టరు, మెదడు బతికుందో లేదో తేల్చే పరీక్షలు చేశాడు. పన్నెండు గంటల తర్వాత ఇంకొక డాక్టరు వచ్చి అవే పరీక్షలు మళ్ళీ చేసింది. వసుమతి గదిలోనే ఉండి ప్రతిదీ దగ్గరగా చూసింది. కంటిలో వెలుగు వేస్తే పాప కదలలేదు. చెవిలో చల్లటి నీళ్ళు పోస్తే చూపు తిరగలేదు. చల్లనీళ్ళంటే తన్వి ఇల్లంతా పరిగెత్తించేది. తనంతట తాను ఊపిరి తీసుకుంటుందేమో చూసే పరీక్ష దగ్గర వసుమతి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో అంకె చూపించమంది. చూపించారు. ఆ అంకె దగ్గర ఊపిరి తీసుకోవాలనిపించని మెదడు ఇక లేనట్టే. ఆమెకి అది ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆదివారం పొద్దున ఒకావిడ వచ్చింది. నెమ్మదైన మనిషి, కూర్చునే ముందు కూర్చోవచ్చా అని అడిగింది. ఆవిడ నోరు తెరవకముందే వసుమతికి ఎందుకొచ్చిందో తెలిసింది. అవయవదాన సంస్థ నుంచి. మీకు ఇష్టమైతేనే, అంది ఆవిడ. తన్వి కాలేయం బాగుంది, మూత్రపిండాలు బాగున్నాయి. గుండె మాత్రం ఇవ్వడానికి లేదు.

"నో," అన్నాడు దివాకర్ ఆవిడతో. తర్వాత వసుమతి వైపు తిరిగి, "వద్దు వసూ. ఇప్పటికే ఎన్ని తూట్లు పొడిచిన్రు. చాలు. ఉన్నది ఉన్నట్టు ఇంటికి తీసుకపోదాం."

వసుమతికీ అదే కావాలి. ఆ చిన్న పొట్ట మీద ఇంకొక గాటు పడకూడదు. ఇన్నాళ్ళూ చూసుకో అని నేను అప్పగిస్తే ఆ దేవుడు చూసుకున్న తీరు ఇదా అని లోపలెక్కడో అరుస్తోంది. రోజుకి రెండు పేర్లు చెప్పాను కదా, ఆ రెండో బిడ్డ ఎక్కడో చల్లగానే ఉందేమో, నా బిడ్డనెందుకు ఇలా చేశావు? పక్కన యంత్రం టకటకా కొట్టుకుంటోంది.

ఆమె దివాకర్ చెయ్యి పట్టుకుంది.

"నాలుగు నెలలు నువ్వు ఎవర్ని అడిగావు దివా?"

"దేవుణ్ణి."

"దేవుణ్ణి అడిగినా ఇవ్వాల్సింది ఒక అమ్మా నాన్నా కదా. ఇలాగే ఒక గదిలో కూర్చుని. వాళ్ళు వద్దంటే మనం ఏమైపోయేవాళ్ళం?"

దివాకర్ ఏడవలేదు. పాప పాదం దుప్పటి బయటికి వచ్చి ఉంటే దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఆవిడని ఇంగ్లీషులో ఒక్కటే అడిగాడు, నొప్పి తెలియదు కదా అని. తెలియదు, నేను పక్కనే ఉంటాను, అంది ఆవిడ. పేరు పెట్టి పిలుస్తూ ఉంటారా అనడిగాడు. పిలుస్తాను, పేరు సరిగ్గా ఎలా పలకాలో నేర్పండి, అంది. దివాకర్ రెండుసార్లు పలికి చూపించాడు.

మర్నాడు మధ్యాహ్నం మంచాన్ని ఆపరేషన్ గది వైపు తీసుకెళ్ళారు. వరండాకి రెండు పక్కలా మనుషులు నిలబడ్డారు. నర్సులు, డాక్టర్లు, నేల తుడిచే పెద్దాయన, అందరూ. అవయవాలిచ్చి వెళ్ళేవాళ్ళని ఆ ఆసుపత్రిలో అలాగే సాగనంపుతారు. లిఫ్ట్ దగ్గర అనురాధ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వసుమతి మంచం కమ్మీ పట్టుకుని, కూతురి చెవి దగ్గర వంగి, ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు చెప్పే మాటలే చెబుతూ నడిచింది. తలుపుల దగ్గర కమ్మీ వదలాల్సి వచ్చింది. ముందు చూపుడువేలు వదిలింది, తర్వాత మిగతావి.

ఇంటికి వెళ్ళమన్నా వాళ్ళు వెళ్ళలేదు. వెయిటింగ్ రూములో ఎండ పడుతున్న కుర్చీల్లో కూర్చున్నారు. కాలేయం ఇంకో రాష్ట్రంలో ఉన్న ఒక చిన్న బిడ్డకి వెళ్తోందని చెప్పారు. అంతకంటే ఏమీ చెప్పలేదు. వసుమతి కళ్ళు మూసుకుంది. ఎందుకు అన్న ప్రశ్న అలాగే ఉంది. అది ఈ జన్మకి ఉంటుందని ఆమెకి తెలుసు. ప్రశ్న ఉన్నా, అడగడానికి వేరే ఎవరూ లేరు. ఆయన్నే అడగాలి. ఇన్నాళ్ళూ సిగ్గుతో నోట్లోనే ఆగిపోయిన మాట ఇప్పుడు ఏ అడ్డూ లేకుండా బయటికి వచ్చింది. బతికించు స్వామీ అంది. ఆ బిడ్డని బతికించు.

"ఏమంటున్నవ్?" అన్నాడు దివాకర్, ఆమె పెదాలు కదలడం చూసి.

"ఆ పిల్లకి అతుక్కోవాలని."

అతను గోడ గడియారం కేసి చూశాడు. తర్వాత ఆమె భుజం మీద తల వాల్చి, "వాళ్ళమ్మ పొద్దున్నించి ఏమన్న తిన్నదో లేదో," అన్నాడు.